పెళ్లి భోజనం తర్వాత వాంతులు: అటాక్ రేటు కట్టేదెలా?

ఊళ్లో పెళ్లి భోజనం తిన్న 68 మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయనుకోండి. ఎంతమంది తింటే 68? ఆ హారం తెలియనిదే ఈ అంకెతో ఏమీ తేలదు.

ముందు 'కేసు' అంటే ఎవరో రాసిపెట్టుకోవాలి. 'శనివారం మధ్యాహ్నం విందు తిని, 72 గంటల్లోపు వాంతులైనా, 24 గంటల్లో 3 లేదా అంతకుమించి నీళ్ల విరేచనాలైనా అయినవారు' అంటే చాలు. ఏ వంటకం తిన్నారన్నది ఇందులో చేర్చకూడదు. చేర్చారంటే అనుమానాన్నే రుజువుగా రాసుకున్నట్టు.

తర్వాత లైన్ లిస్టు. మనిషికో వరస: వయసు, ఎన్నింటికి తిన్నారు, ఎన్నింటికి మొదలైంది, ఏమేం తిన్నారు. బాగున్నవాళ్లనూ ఇవే అడగాలి. చాలామంది వదిలేసేది వీళ్లనే. పొరుగూళ్ల చుట్టాలు బస్సెక్కకముందే అడగడం మేలు. మూడోరోజుకి ఏం తిన్నారో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు.

ఇక లెక్క. తిన్నవారు 200, కేసులు 68: అటాక్ రేటు, అంటే తిన్నవారిలో జబ్బుపడ్డవారి శాతం, 34. దీన్ని వంటకాలవారీగా విడగొట్టాలి. పెరుగువడ తిన్న 120 మందిలో 60 మంది జబ్బుపడ్డారు, అంటే 50 శాతం. తినని 80 మందిలో 8 మంది, 10 శాతం. 50ని 10తో భాగిస్తే 5. ఇదే రిలేటివ్ రిస్క్: తిన్నవాళ్లకు ముప్పు 5 రెట్లు. పులిహోరకు ఇది 1 దగ్గరే వస్తే దాని మీద అనుమానం తగ్గుతుంది. వడ తినకుండానే పడ్డ ఆ 8 మందిని కొట్టెయ్యొద్దు. గరిటె ఒకటే అయ్యుండొచ్చు, తిన్నది మరిచిపోయుండొచ్చు.

తిన్నప్పటి నుంచి లక్షణాలు మొదలయ్యేదాకా పట్టిన గంటలకు సగటు కాదు, మధ్యగతం (వరసగా పేరిస్తే నడిమధ్యన వచ్చే అంకె) తీయాలి. ఆలస్యంగా పడ్డ ఒకరిద్దరు సగటును లాగేస్తారు. 1–6 గంటలైతే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా విషం, 12–36 అయితే సాల్మొనెల్లా బ్యాక్టీరియా గుర్తుకు రావాలి. ఖాయం చేసేది మాత్రం ల్యాబే.

అటాక్ రేటు కూడా ఇన్సిడెన్సే, అంటే కొత్త కేసుల లెక్క. ప్రివలెన్స్ వేరు: పాతా కొత్తా కలిపి ఇవాళ ఉన్నవాళ్లందరూ. హెచ్‌ఐవీలో వైరస్‌ను అణచిపెట్టే ఏఆర్‌టీ మందులతో మరణాలు తగ్గుతాయి కాబట్టి, కొత్త కేసులు తగ్గుతున్నా ప్రివలెన్స్ పెరగొచ్చు. అది చూసి 'జబ్బు విజృంభిస్తోంది' అని హెడ్డింగు పెట్టేస్తుంటారు.