వాల్‌నట్ చెక్కపని – 6వ పాఠం: మనకు నచ్చని పాలిష్ కోరే కస్టమరు

గత అయిదు పాఠాల్లో చెక్క ఎంచుకోవడం, ఆరనివ్వడం, చిత్రిక పట్టడం, పలకలు అతికించడం చూశాం. ఇక్కడి నుంచి ఒకే ఆర్డరు పట్టుకుని చివరిదాకా వెళ్దాం. హైదరాబాద్‌లో ఒక ఇంటి భోజనాల గదికి సైడ్‌బోర్డు, అంటే గిన్నెలవీ పెట్టుకునే పొట్టి బీరువా. పొడవు 1500, లోతు 450, ఎత్తు 800 మి.మీ. చెక్క అమెరికన్ బ్లాక్ వాల్‌నట్.

కస్టమరు కోరికలు ఇవి అనుకుందాం. కాఫీ గింజలాంటి ముదురు రంగు, ఎక్కడా తెల్ల చార కనిపించకూడదు. అద్దంలా మెరవాలి. పైపలక చుట్టూ నగిషీ పట్టీ ఉండాలి. ఇత్తడి పిడులు కావాలి. వాల్‌నట్ మీద మోజుతో ఈ పనిలోకి వచ్చినవాళ్లకు ఇది వింటే ప్రాణం ఉసూరుమంటుంది. గోధుమ, ఊదా, బూడిద రంగులు కలగలిసిన ఆ చారలే దాని అందమని, నూనె పట్టించి వదిలేస్తే చాలని మనం అనుకుంటాం. ఆయన చూస్తూ పెరిగింది తాతగారింటి జిట్రేగి మంచాన్ని, తళతళలాడే టేకు బీరువాను. ఖరీదైన చెక్క అంటే ఆయన కంటికి అలాగే ఉండాలి. అందులో తప్పేమీ లేదు.

కోరికల కాగితాన్ని నిలువుగా రెండుగా మడవండి. రంగు, మెరుపు, ఆకారం, పిడులు ఒకవైపు రాయండి. అవి ఆయన ఇష్టం, వాదించొద్దు. చెక్క ఉబ్బి ముడుచుకోవడం, జాయింట్లు, స్క్రూలు రెండోవైపు. అక్కడ మొహమాటపడితే ఏడాది తిరక్కుండా ఫోను వస్తుంది. పై నాలుగు కోరికల్లో మూడు మొదటివైపే పడతాయి. నగిషీ పట్టీ ఒక్కటే రెండువైపులా కాలు పెడుతుంది, దాని సంగతి కాసేపట్లో.

తెల్ల చార ఖరీదు ఎంత

వాల్‌నట్‌లో చేవ ముదురు గోధుమ, దాని చుట్టూ ఉన్న చెక్క పాలిపోయిన తెలుపు. అమెరికా మిల్లుల్లో పచ్చి చెక్కను ఆవిరి పట్టిస్తారు. దాంతో తెల్ల చెక్క కొంత గోధుమకు తిరుగుతుంది కానీ చేవతో పూర్తిగా కలవదు. పై గ్రేడైన ఎఫ్‌ఏఎస్ తెప్పించినా తెల్ల చెక్క ఉంటుంది, ఎందుకంటే వాల్‌నట్ గ్రేడింగ్‌లో దాన్ని లోపం కింద లెక్కించరు. చాలామంది ఇక్కడే మోసపోతారు.

ఈ సైడ్‌బోర్డుకు 20 మి.మీ. మందానికి చిత్రిక పట్టిన చెక్క దాదాపు 0.07 ఘనపు మీటర్లు పడుతుంది. అంగుళం మందం చెక్కలోంచి తీస్తాం కాబట్టి గరుకు చెక్క లెక్కలో అది 3.15 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు). తెల్ల చెక్కను రంగుతో కలిపేయడానికి ఒప్పుకుంటే 30 శాతం తరుగు, అంటే 4.5 సీఎఫ్‌టీ కొనాలి. అసలు తెల్ల చెక్కే వద్దంటే తరుగు సగానికి చేరుతుంది, 6.3 సీఎఫ్‌టీ కావాలి. బోర్డ్‌ఫుట్‌లలో ధర చెప్పే వ్యాపారి దగ్గర 12తో గుణించండి: 54, 76. ఈ రెండు అంకెలూ, వాటి ధరలూ కస్టమరు ముందు పెట్టండి. ‘సార్, తెల్ల చార ఉన్నా రంగుతో కలిపేస్తాను, నమూనా చూసి చెప్పండి’ అంటే నూటికి తొంభై మంది మొదటి అంకే ఎంచుకుంటారు.

తలుపు పలకలకు మాత్రం ప్లైవుడ్ మీద వాల్‌నట్ వెనీర్ (పలచటి చెక్క పొర) వేయమని మా సలహా. ఒకే కట్టలోంచి వరసగా తీసిన వెనీర్లు మూడు తలుపులకూ ఒకే తీరులో వస్తాయి, ఉబ్బవు. పైగా ఒకే రంగు కోరే మనిషికి అదే నచ్చుతుంది. వెనీర్ మందం అర మిల్లీమీటరు మాత్రమే. 120 నంబరు ఉప్పుకాగితం దాని మీద పెట్టారంటే కింద ప్లైవుడ్ కనిపిస్తుంది. 180తో మొదలుపెట్టి, చేత్తోనే రుద్దండి.

నమూనా పలకలు

చెక్క కోయకముందే నమూనాలు. షాపువాడి కేటలాగు చూపించి రంగు ఖాయం చేసుకోవద్దు. ఈ ఆర్డరుకు కొన్న చెక్కలోంచే 300 × 150 మి.మీ. పలకలు మూడు తీయండి. ప్రతి పలకలో చేవ, తెల్ల చెక్క రెండూ ఉండాలి, పక్కన వెనీర్ ముక్క ఒకటి అతికించాలి. ఒకదానికి నూనె ముగింపు, ఒకదానికి ఆయన కోరిన ముదురు రంగు మీద పూర్తి మెరుపు, మూడోదానికి అదే ముదురు రంగు మీద సగం మెరుపు.

ప్రతి పలకలో సగాన్ని నల్ల కాగితంతో కప్పి, ఎండ పడే కిటికీలో మూడు వారాలు ఉంచండి. వాల్‌నట్ చాలా చెక్కల్లా వెలుతురుకు ముదరదు, తేలికపడి తేనె రంగుకు జరుగుతుంది. డై (చెక్కలోకి ఇంకే రంగు) కూడా ఎండకు వెలుస్తుంది. కాగితం తీసి చూపిస్తే, కిటికీ పక్కన పెడితే ఏమవుతుందో ఆయనకు మన మాటలకన్నా బాగా అర్థమవుతుంది. ఎంచుకున్న పలక వెనక తేదీ వేసి, డై గ్రాముల్లో ఎంతో, ఎన్ని కోట్లో రాసి, ఆయన సంతకం తీసుకోండి. పలకను రెండుగా కోసి సగం ఆయనకు ఇచ్చేయండి.

సగం మెరుపు పలకను ఆయన డైనింగ్ టేబుల్ మీద, లైటు కింద పెట్టి చూడమనండి. పూర్తి మెరుపు ముదురు రంగు మీద దుమ్ము, వేలిముద్ర, గీత అన్నీ కనిపిస్తాయి. అయినా అదే కావాలంటే చేసివ్వాల్సిందే.

నగిషీ పట్టీ: పగిలేది ఇక్కడే

పైపలక వెడల్పు 450 మి.మీ. అడ్డంగా, అంటే నారకు అడ్డదిశలో, తేమ ఒక శాతం మారితే ప్లెయిన్ కోత (దుంగను వరసగా పలకలుగా కోసిన) వాల్‌నట్ తన వెడల్పులో 0.27 శాతం మారుతుంది. ఈ పలకకు అది 1.2 మి.మీ. అవుతుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్నప్పుడు చెక్కలో దాదాపు 6 శాతం, 70 శాతం ఉన్నప్పుడు దాదాపు 13 శాతం నిలుస్తుంది. మే నెల ఎండలకూ ఆగస్టు ముసురుకూ మధ్య తేడా అంత ఉంటుందనుకుంటే లెక్క ప్రకారం 8 మి.మీ.కు పైనే. పాలిష్ ఉన్నందువల్ల అసలు కదలిక ఇందులో కొంత తగ్గుతుంది, నెమ్మదిస్తుంది కానీ ఆగదు.

ఇప్పుడు పట్టీ చూడండి. ముందంచున పట్టీ నార, పలక నార ఒకే దిశలో ఉంటాయి, జిగురు పూసి అతికిస్తే చాలు. పక్కంచుల దగ్గర పట్టీ నార పలక నారకు అడ్డం. పట్టీ పొడవులో కదలదు, పలక వెడల్పులో కదులుతుంది. పొడుగునా ఫెవికాల్ పూసి బిగిస్తే రెండే దారులు: వానాకాలంలో మూలన ఉన్న 45 డిగ్రీల కోత తెరుచుకుంటుంది, లేదా ఎండాకాలంలో పలక చివర్న నిలువు పగులు వస్తుంది.

పక్క పట్టీ ముందు కొస నుంచి 75 మి.మీ. దాకా మాత్రమే జిగురు పూయండి, 45 డిగ్రీల కోత దగ్గర కూడా. మిగతా పొడవుకు లోపలి నుంచి రెండు స్క్రూలు వేసి, పలక వైపు రంధ్రాలను పొడవుగా, 12 మి.మీ. గాడిలా చేయండి. స్క్రూ ఆ గాడి మధ్యలో పడాలి, వాషరు వేసి మామూలుగా బిగించాలి, కొరికేలా కాదు. పలక ముందంచును కింది పెట్టెకు స్థిరంగా బిగించి, వెనక వైపు చెక్క గుబ్బలతో (పలక అడుగున స్క్రూతో బిగించే, నాలుక ఉన్న చిన్న చెక్కముక్కలు) పట్టి ఉంచండి. గుబ్బ నాలుక పెట్టె లోపలివైపు తీసిన 9 మి.మీ. గాడిలో 5 మి.మీ. ఖాళీతో కూర్చోవాలి. కదలికంతా వెనక్కే పోతుంది కాబట్టి గోడకు 10 మి.మీ. ఎడం వదలండి.

అసలు పట్టీ అతికించకుండా, పలక అంచునే రూటర్‌తో ఆకారం తీసి దాని మీద చెక్కితే ఈ గొడవంతా ఉండదు. పలక మందం 30 మి.మీ. ఉండాలి, అందుకు అంగుళన్నర చెక్క కావాలి. ఖర్చు ఎక్కువే, అయినా మేం ముందు చెప్పేది ఇదే. వాల్‌నట్ నగిషీకి లొంగే చెక్క. కాశ్మీరీ కొయ్య చెక్కడం పనివాళ్లు వాడేది దీని చుట్టం, మనం తినే అక్రోటు కాసే చెట్టే. నార అడ్డం తిరిగిన చోట ఉలి లాగేస్తుంది, పలక చివర నార కనిపించే ముఖం మీద మాత్రం పలచటి కోతలతోనే వెళ్లండి.

రంగు, మెరుపు వేసే వరస

పిగ్మెంట్ స్టెయిన్ (పొడి రేణువులున్న రంగు) వాడితే అది నార సందుల్లో కూరుకుపోయి వాల్‌నట్ బురద పట్టినట్టు ఉంటుంది. డై వాడండి, అది పారదర్శకం. 120, 150, 180 రుద్దిన తర్వాత (వెనీర్‌ను ఇందాక చెప్పినట్టు 180తోనే మొదలుపెట్టి) తడిబట్టతో ఒకసారి తుడిచి, ఆరాక లేచిన నూగును 220తో తేలిగ్గా తీయండి. రంగుకు ముందు పలక మొత్తం స్పిరిట్‌తో తుడవండి. కారిన జిగురు మచ్చలు అప్పుడు పాలిపోయి కనిపిస్తాయి. ఇప్పుడే గీకి తీయకపోతే, రంగు వేశాక ఒక్కొక్కటీ తెల్లగా మిగిలిపోతుంది.

తెల్ల చెక్కకు ముందు విడిగా రంగు. నీటిలో కలిసే డై లీటరుకు 10 గ్రాములు కలిపి, సన్న బ్రష్‌తో తెల్ల భాగం మీదే రెండు మూడు పూతలు, ఒక్కోటి ఆరాక. చేవ రంగుకు దగ్గరపడ్డాక ఆగండి, దాన్ని దాటితే వెనక్కి రాదు. తరువాత మొత్తానికి లీటరుకు 30 గ్రాముల డై, నమూనా వెనక రాసిన లెక్క ప్రకారమే. పలక కొసలు రంగును ఎక్కువ తాగుతాయి, వాటిని ముందే 320 దాకా రుద్ది ఉంచాలి.

రంగు ఆరాక లక్క పూత. లీటరు స్పిరిట్‌లో 100 నుంచి 120 గ్రాముల లక్క రేకులు. మామూలు లక్కలో మైనం ఉంటుంది, దాని మీద పీయూ (పాలీయురెథేన్ పాలిష్) పొరలుగా లేస్తుంది. ద్రావణాన్ని కదపకుండా రెండు మూడు రోజులు ఉంచి, పైన తేలిన తేట మాత్రమే ఒంపుకోండి. ఈ పూత వేయకుండా గ్రెయిన్ ఫిల్లర్‌కు (నార సందులు నింపే ముద్దకు) వెళితే, తరువాత రుద్దేటప్పుడు రంగు లేచిపోయి తెల్ల గీతలు పడతాయి.

వాల్‌నట్ నార సందులు కంటికి కనిపించేంత పెద్దవి, అద్దంలాంటి మెరుపుకు వాటిని నింపాల్సిందే. ఫిల్లర్‌ను నారకు 45 డిగ్రీల వాలులో గట్టి రేకుతో నొక్కి పూసి, మసకబారగానే గోనెగుడ్డతో అడ్డంగా తుడవండి. రోజంతా ఆరనిచ్చి 320తో రుద్ది మళ్లీ ఒకసారి. తొందరపడితే నెల తర్వాత ఫిల్లర్ కుంగి, ఆ మెరుపులో దోమలు కుట్టినట్టు గుంటలు కనిపిస్తాయి. నగిషీ భాగంలో ఫిల్లర్ వేయొద్దు, చెక్కిన గీతలు పూడుకుపోతాయి.

ఆపైన పీయూ సీలర్ (అడుగు పూత) రెండు పూతలు, 400తో రుద్ది మెరుపు పీయూ (గ్లాసీ) రెండు పూతలు. గట్టిపరిచే హార్డెనర్ ఎంత కలపాలో డబ్బా మీద ఉన్నట్టే, కంటి అంచనాకు కాదు. ప్రతి పూతకు ముందు టార్చిని పలకకు ఆనించి, వాలుగా వెలుగు వేసి చూడండి. అప్పుడు కనిపించని గీత ఆ ఇంట్లోని లైటు కింద కనిపించదు.

ఇత్తడి పిడుల స్క్రూలు మెత్తన, తల తెగిపోతాయి. అదే కొలత ఇనుప స్క్రూతో ముందు మర తీసి, దాన్ని విప్పేసి, ఇత్తడిదానికి మైనం రాసి బిగించండి. ఇనుపదాన్ని అక్కడే వదిలేస్తే వాల్‌నట్‌లోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి చుట్టూ నల్ల మచ్చ తేలుతుంది.

నూనె నమూనాకు వాడిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడేయొద్దు, వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి దండెం మీద ఆరేయండి, లేదా నీళ్ల డబ్బాలో ముంచండి.

ఏడో పాఠానికి ముందు చేయాల్సింది: మీ చెక్కలోంచే మూడు నమూనా పలకలు తయారుచేసి, సగం కప్పి కిటికీలో పెట్టండి. అవి ఎండలో ఉన్న మూడు వారాల్లో పెట్టె పక్కపలకలు, డ్రాయర్ల జాయింట్లు కోద్దాం.