గోడ మీది పటాన్ని నేల మీదికి దించండి: ప్రాథమిక తరగతులకు భూగోళం

ప్రాథమిక పాఠశాలలో భూగోళానికి విడిగా పుస్తకం ఉండదు. మూడు నుంచి ఐదో తరగతి వరకు పరిసరాల విజ్ఞానంలోనే దిక్కులు, పటాలు, చెరువులు, నదులు కలిసి వస్తాయి. చాలాచోట్ల ఆ పాఠాలు రాజధానుల పేర్లనూ నదుల జన్మస్థానాలనూ వల్లె వేయించడంతో ముగిసిపోతాయి. నా మట్టుకు, ఈ వయసు పిల్లలకు నేర్పవలసింది ప్రధానంగా ఒక్కటే: నేల మీద ఉన్నదాన్ని కాగితం మీద గుర్తుపట్టడం, కాగితం మీద ఉన్నదాన్ని నేల మీద వెతికి పట్టుకోవడం. అది అలవాటయ్యేదాకా గ్లోబు బీరువాలోనే ఉన్నా నష్టం లేదు.

మొదట దిక్కులు. సూర్యుడు ఉదయించే వైపు తూర్పు అని చెప్పి ఊరుకుంటాం గానీ, సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదిలో రెండుసార్లే, మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతంలో. మిగతా రోజుల్లో వేసవిలో ఈశాన్యం వైపుకూ, చలికాలంలో ఆగ్నేయం వైపుకూ జరుగుతూ ఉంటాడు. జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి పిల్లలను తమ వాకిట్లో ఒకే చోట నిలబడి, ఏ చెట్టు పక్కనుంచి, ఏ ఇంటి మీదుగా పొద్దు పొడుస్తున్నదో బొమ్మ గీసి తెమ్మనండి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపితే, పెద్దల నోట విన్న ఉత్తరాయణం, దక్షిణాయనం అనే మాటలకు అర్థం వాళ్లకే తోస్తుంది.

దిక్కులను కచ్చితంగా గుర్తించడానికి నీడ కర్ర మంచి సాధనం. మీటరు పొడవున్న తిన్నని కర్రను ఆరుబయట పాతి, దారానికి రాయి కట్టి వేలాడదీసి, కర్ర నిటారుగా ఉన్నదో లేదో చూసుకోవాలి. ఉదయం 11.15 నుంచి ఒంటిగంట దాకా పది నిమిషాలకొకసారి నీడ కొన దగ్గర ఒక గులకరాయి పెట్టించండి. అన్నిటికన్నా పొట్టి నీడ పడిన గీతే ఉత్తర దక్షిణాల గీత. అది గడియారంలో సరిగ్గా 12 గంటలకే పడాలని లేదు. మన దేశపు గడియారాలకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది. హైదరాబాద్ దానికి పడమరగా ఉండడంతో అక్కడ మిట్టమధ్యాహ్నం, రుతువును బట్టి, 12 నుంచి 12.30 లోపు ఎప్పుడైనా కావచ్చు.

ఇక్కడ నేను ఒకసారి బోల్తా పడ్డాను. మధ్యాహ్నపు నీడ ఉత్తరానికే పడుతుందన్న ధీమాతో, బడి తెరిచిన కొత్తలో, జూన్ చివర్లో ఈ పని చేయించి, నీడ వైపున సున్నంతో "ఉత్తరం" అని రాయించాను. నాలుగో తరగతి పిల్ల ఒకతి లేచి, "టీచర్, అట్లయితే మన రాములవారి గుడి పడమటి ముఖం అయిపోతుంది కదా?" అంది. ఆ పిల్ల మాటే నిజం. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు కాబట్టి నీడ దక్షిణానికి పడుతుంది. తిరుపతిలో ఈ కాలం ఏప్రిల్ చివరి నుంచే మొదలవుతుంది. పైగా జూన్ చివర్లో మీటరు కర్ర నీడ హైదరాబాద్‌లో పది సెంటీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది కనుక కొలత కూడా సరిగా కుదరదు. డిసెంబరులో అదే నీడ 80 సెంటీమీటర్లు దాటుతుంది. అప్పుడు చేయిస్తే గీత చక్కగా వస్తుంది.

మూలల పేర్లు పుస్తకం కన్నా ముందే ఇంట్లో వినిపిస్తాయి. వంటిల్లు ఆగ్నేయాన ఉండాలని, బోరు ఈశాన్యాన వేయాలని పెద్దలు మాట్లాడుకోవడం పిల్లలు వింటూనే ఉంటారు. వాస్తు మీద వాదన మనకు అక్కర్లేదు, ఆ మాటలు చాలు. నైరుతి ఎటో చేతితో చూపగలిగిన పిల్లవాడికి నైరుతి రుతుపవనాలు ఎటునుంచి వస్తాయో వేరే చెప్పనవసరం లేదు. గాలికి అది వచ్చే దిక్కు పేరే పెడతారన్న ఒక్క మాట జోడిస్తే సరిపోతుంది.

తరువాత తరగతి గది పటం. ముందుగా చెంబు, అగ్గిపెట్టె, చెప్పుల జత నేల మీద పెట్టి, బెంచీ మీద నిలబడి పైనుంచి చూస్తే ఎలా కనిపిస్తాయో అలా గీయమనాలి. ఆ చూపు పట్టుబడ్డాక గదిని అడుగులతో కొలిపించి, ఒక్కో అడుగుకు ఒక్కో గడి చొప్పున గళ్ల నోటుబుక్కులో దింపించాలి. ఒకరికి పద్దెనిమిది అడుగులు వస్తే మరొకరికి ఇరవై రెండు వస్తాయి, తగువు మొదలవుతుంది. వెంటనే తీర్చకండి, అందరికీ ఒకే కొలత ఉండాలని వాళ్లు తమంతట తాము అనేదాకా ఆగితే, స్కేలు పాఠం సగం అయిపోయినట్టే.

గీసిన పటాన్ని గోడకు తగిలించకుండా నేల మీద పరిచి, పటంలోని ఉత్తరం అసలు ఉత్తరానికి చేరేలా తిప్పించండి. గోడకున్న పటంలో ఉత్తరం పైకి ఉంటుంది. పిల్లల మనసులో ఉత్తరమంటే ఎత్తు, దక్షిణమంటే పల్లం అని ముద్రపడిపోతుంది. నదులు ఉత్తరం నుంచి దక్షిణానికి "దిగుతాయి" అని ఐదో తరగతి వాళ్లు కూడా అంటుంటారు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి తూర్పుకు సాగి బంగాళాఖాతంలో కలుస్తుందంటే, నేల పడమట ఎత్తుగా, తూర్పున పల్లంగా ఉందన్నమాట. ఆవరణలో ఇసుకను పడమటి వైపు ఎత్తుగా పోసి, చెంబెడు నీళ్లు వంపి చూపిస్తే ఆ అపోహ పోతుంది. నీళ్లు ఆగిన చోట మేట వేసిన ఇసుకను చూపి డెల్టా సంగతి కూడా చెప్పవచ్చు.

బడి నుంచి రాష్ట్ర పటానికి వెళ్లే దారి ఊరి చెరువు మీదుగా ఉంది. పిల్లలను కట్ట మీదికి తీసుకువెళ్లి తూము, ఆయకట్టు, అలుగు (తెలంగాణలో మత్తడి) చూపించి, అలుగు దూకిన నీళ్లు ఎటు పోతాయని అడగండి. కింది ఊరి చెరువులోకి, అక్కడి నుంచి వాగులోకి, వాగు నుంచి నదిలోకి. తెలంగాణలో కాకతీయుల కాలం నుంచి ఉన్న గొలుసుకట్టు చెరువులకు ఇదే లెక్క. పట్నం పిల్లలకు చెరువు లేకపోతే వీధి నాలా ఉంది: హైదరాబాద్ నాలాలు మూసీలో, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. దారిలో తగిలే ఊళ్ల పేర్లనూ అడగాలి. లంక, కుంట, గుట్ట, వాగు వంటి మాటలున్న పేర్లు ఆ నేల ఎలాంటిదో ముందే చెప్పేస్తుంటాయి. దూరాలను కిలోమీటర్లలో కాక బస్సు ప్రయాణపు గంటల్లో చెప్పించండి. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లన్నది ఎనిమిదేళ్ల వాళ్లకు ఒట్టి అంకె.

పరీక్షకు ప్రశ్నపత్రం వద్దు. ఒక జట్టు ఆవరణలో సుద్దముక్కల డబ్బా దాచి, పటం గీసి రెండో జట్టుకు ఇవ్వాలి. డబ్బా దొరకకపోతే తప్పు గీసినవాళ్లదా, చదివినవాళ్లదా అన్నది రెండు జట్లూ పటాన్ని నేల మీద పరిచి తేల్చుకుని, తప్పున్న చోట మళ్లీ గీయాలి.