చెన్నైలో సౌర విద్యుత్ ఇల్లు: కట్టే ముందు జాగ్రత్తలు

సౌర ఫలకాల (సోలార్ ప్యానెళ్ల) సంఖ్య కంటే ముందు ఇంటికి తగిలే వేడిని లెక్కించాలి. చెన్నైలో సాయంత్రపు ఎండ పడమటి గోడను కాల్చేస్తుంది కనుక, పడకగదికి బదులు మెట్లనో స్నానాల గదినో అటు జరపమని ఇంజనీరుకు ప్లాన్ దశలోనే చెప్పాలి. డాబాపై ఎండను తిప్పికొట్టే తెల్లని కూల్ టైల్స్ పరిపించడం ఏసీ కొనడం కంటే ముందు చేయవలసిన పని.

ఒక కిలోవాట్ సామర్థ్యమున్న ఫలకాలకు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. వాస్తు ప్రకారం నీళ్ల ట్యాంకును నైరుతిలో పెట్టదలచినవారు, స్లాబు ఆరాక అక్కడ ట్యాంకు పైఅంచు అంత ఎత్తు కర్ర నిలిపి, డిసెంబరు ఎండలో దాని నీడ ఎంతవరకు పాకుతుందో సుద్దముక్కతో గీసి చూసుకోవాలి. ఒక్క ఫలకం మూలన పడిన నీడ కూడా దానితో వరుసగా కలిపిన ఫలకాల ఉత్పత్తిని తగ్గించగలదు. వాస్తును కాదనమని కాదు, నీడను కొలవమని.

2016 డిసెంబరు నాటి వర్దా తుపాను చూసినవారికి ఫలకాల స్టాండ్లను కాంక్రీటు దిమ్మెల్లో గట్టిగా బిగించాలని వేరే చెప్పనక్కరలేదు. సముద్రానికి దగ్గరైతే బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి.

బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు (వీధి కరెంటు లైనుకు) కలిపిన సౌర వ్యవస్థ, కరెంటు పోతే పట్టపగలైనా ఆగిపోతుంది. మన ఫలకాల కరెంటు వీధి లైనులోకి పారి, మరమ్మతు చేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా, అతని ప్రాణరక్షణకు చేసిన ఏర్పాటది. అమ్మేవారు చెప్పకపోతే మనమే అడగాలి.