స్పెయిన్‌లో కొత్తగా దిగినవాళ్లు తిండి ఎలా కుదుర్చుకోవాలి?

చదువుకో ఉద్యోగానికో స్పెయిన్‌లో దిగినవాళ్లు మొదటి వారంలోనే ఒకచోట బోల్తా పడతారు. రాత్రి ఏడింటికి ఆకలేసి హోటల్‌కి వెళ్తారు. తలుపులు తెరిచే ఉంటాయి, కాఫీ ఇస్తారు, భోజనం మాత్రం ఉండదు. వంటింట్లో మళ్లీ పొయ్యి వెలిగేది ఎనిమిదిన్నరకి. ఈ దేశంలో కడుపునిండా, తక్కువ ఖర్చుతో తినాలంటే వంట కంటే ముందు వేళలు పట్టుబడాలి.

1. వేళలు మార్చుకోండి

పొద్దున్న కాఫీతో ఒక టోస్టు, అంతే. పదకొండు ప్రాంతంలో ఒక చిరుతిండి. అసలు భోజనం మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర మధ్య, దాన్నే కోమీదా అంటారు. సాయంత్రం ఆరింటికి పండో బిస్కెట్లో. రాత్రి తొమ్మిది దాటాక తేలికపాటి తిండి. స్పెయిన్ గడియారం 1940 నుంచి మధ్య ఐరోపా సమయాన్ని పాటిస్తోంది. కానీ దేశంలో ఎక్కువ భాగం లండన్ మీదుగా పోయే రేఖాంశానికి పడమర ఉంది, కాబట్టి గడియారం సూర్యుడి కంటే ముందు నడుస్తుంది. అందుకే జూన్‌లో మాడ్రిడ్‌లో సూర్యుడు రాత్రి పదింటికి కాస్త ముందు అస్తమిస్తాడు, తిండి వేళలు కూడా ఎండని బట్టే నడుస్తాయి.

పదకొండింటి చిరుతిండి మానేసి రెండింటిదాకా కడుపు మాడ్చుకోవద్దు. ఆ విరామం క్లాసుల్లోనూ ఆఫీసుల్లోనూ ఉంటుంది, వాడుకోండి. చిన్న కొట్లు రెండు నుంచి ఐదు దాకా మూసేస్తారు. ఆదివారం మాడ్రిడ్ ప్రాంతం బయట చాలా సూపర్‌మార్కెట్లు తెరవరు. పాలు, గుడ్లు, కూరలు శనివారం సాయంత్రానికే ఇంట్లో ఉండాలి. లేకపోతే వీధి చివరి చిన్న దుకాణంలో ఎక్కువ ధర పెట్టి కొనాల్సి వస్తుంది.

2. పొయ్యి సంగతి తెలుసుకోండి

అద్దె ఇళ్లలో నల్ల గాజుపలక పొయ్యిలు రెండు రకాలు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. వెలిగించినప్పుడు కింద ఎర్రగా కాలితే అది వీత్రో. ఎరుపు కనబడకుండా గిన్నె మాత్రమే వేడెక్కితే ఇండక్షన్. ఇండియా నుంచి తెచ్చిన అల్యూమినియం కుక్కర్ వీత్రో మీద అడుగు చదునుగా ఉంటే పనిచేస్తుంది, ఇండక్షన్ మీద అస్సలు పనిచేయదు. కొనేముందు గిన్నె అడుక్కి అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే సరే. అక్కడే కుక్కర్ కొనాలంటే ‘ఓయా ఎక్స్‌ప్రెస్’ అని అడగాలి.

వీత్రో మీద మనవాళ్లందరూ ఒకసారైనా పాలు పొంగబెట్టుకుంటారు. గ్యాస్ మంటలా తగ్గించగానే తగ్గదు. ఆపేశాక కూడా పలక చాలాసేపు కాలుతూనే ఉంటుంది. పాలు పైకొస్తుంటే మీట తిప్పడం కాదు, గిన్నెనే పక్కకి లాగాలి. ఆ మిగిలిన వేడిని వాడుకోవడం నేర్చుకుంటే కరెంటు కూడా కలిసొస్తుంది: అన్నం ఉడకడానికి ఇంకో ఐదు నిమిషాలుందనగా ఆపేసి మూత పెట్టేయండి.

చిన్న ఫ్లాట్లకి కరెంటు ఒప్పందం తరచు 3.45 కిలోవాట్లకే ఉంటుంది. ఓవెన్, వాషింగ్ మెషీన్, రూమ్ హీటర్ ఒకేసారి పెడితే ఇల్లంతా చీకటైపోతుంది. ఏదో ఒకటి కట్టేసి, తలుపు దగ్గరుండే డబ్బాలో మెయిన్ స్విచ్ దించి, కొన్ని సెకన్లాగి ఎత్తండి. మిక్సీకి వోల్టేజీ చిక్కు లేదు, అక్కడా 230 వోల్ట్‌లే, ప్లగ్ అడాప్టర్ ఉంటే చాలు.

ఇంకొకటి. చాలా భవనాల్లో వంటింటి కిటికీ లోపలి చిన్న ఆవరణలోకి తెరుచుకుంటుంది. పొరుగువాళ్ల బట్టలు ఆరేది అక్కడే. ఆవాలు, ఎండుమిర్చి తాలింపు పెట్టేటప్పుడు కిటికీ మూసి, పొయ్యి మీది పొగగొట్టం ఫ్యాన్ వేయండి. మొదటి నెలలోనే ఇరుగుపొరుగుతో మాటపడకుండా ఉంటుంది.

3. కొట్లో ఏది కొనాలి, ఏది వద్దు

సూపర్‌మార్కెట్లో పళ్లూ కూరగాయలూ పట్టుకోవడానికి పల్చటి ప్లాస్టిక్ తొడుగులుంటాయి, వేసుకోవాల్సిందే. చాలాచోట్ల మీరే తూకం వేసి, బుట్ట మీద రాసిన నంబర్ నొక్కి, వచ్చిన స్టిక్కర్ అంటించాలి. మర్చిపోతే బిల్లు దగ్గర్నుంచి వెనక్కి పంపుతారు, వెనకాల లైను ఆగిపోతుంది.

మున్సిపల్ మార్కెట్లో పద్ధతి వేరు. దేన్నీ ముట్టుకోకూడదు, అడిగితే వాళ్లే తీసిస్తారు. వరస కనిపించదు గానీ ఉంటుంది. దుకాణం ముందుకి వెళ్లగానే ‘కియెన్ ఎస్ ఎల్ ఊల్తిమో?’ అనాలి, అంటే ఆఖరివాళ్లెవరని. ఒకరు చెయ్యెత్తుతారు, వాళ్ల తర్వాత మీరు. అరకిలోకి ‘మెదియో కీలో’, పావుకిలోకి ‘కువార్తో దె కీలో’. మాట కలిస్తే ఏ ఊరని అడుగుతారు. ఆంధ్ర అంటే తెలియనివాళ్లు కూడా అనంతపురం పేరు గుర్తుపట్టే వీలుంది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969 నుంచి 2009లో కన్నుమూసేదాకా పనిచేసింది అక్కడే. ఆయన సంస్థకి నెలనెలా డబ్బు పంపే కుటుంబాలు స్పెయిన్‌లో చాలా ఉన్నాయి.

ఇక సరుకులు. ‘అరోథ్ రెదోందో’ గుండ్రటి బియ్యం, పాయేలా అనే అన్నం వంటకానికి వాడే రకం. మామూలు అన్నం వండితే ముద్దవుతుంది. దద్దోజనానికీ పరమాన్నానికీ మాత్రం దానికి సాటి లేదు. రోజువారీ అన్నానికి ‘అరోథ్ లార్గో’ కొనండి, లేదా బాస్మతి. (స్పెయిన్ వాళ్ల ‘థ’ మన థ కాదు, ఇంగ్లీష్ థింక్‌లో వినబడే శబ్దం.)

కారం దగ్గర జాగ్రత్త. ఎర్రటి పొడి డబ్బా మీద ‘పిమెంతోన్’ అని ఉంటే అది మన కారం కాదు. ‘దుల్థే’ అంటే తియ్యన, ‘పికాంతే’ అంటే కాస్త ఘాటు. ‘దె లా వేరా’ అంటే ఓక్ కట్టెల పొగమీద ఆరబెట్టిన మిరప, పప్పులో వేస్తే పొగవాసన కొడుతుంది. వేడి నూనెలో నేరుగా వేస్తే క్షణంలో మాడి చేదెక్కుతుంది, పొయ్యి ఆపాకే వేయాలి. ఘాటు కావాలంటే ‘కయేనా’ తీసుకోండి. కొత్తిమీర అనుకుని పెరెహిల్ (పార్స్‌లీ) కట్ట కొనడం కూడా మామూలే. ఆకు నలిపి వాసన చూడటానికి లేదు కాబట్టి ‘థిలాంత్రో’ అని పేరు పెట్టి అడగండి.

పప్పుల్లో సులువైంది ‘లెంతేహా రోహా’, అంటే పొట్టు తీసిన మసూర్ పప్పు. కుక్కర్ లేకుండా పదిహేను నిమిషాల్లో ఉడుకుతుంది. కందిపప్పు కోసం మాడ్రిడ్‌లో లావాపియేస్, బార్సిలోనాలో రావల్ పేటల్లోని ఇండియన్, పాకిస్తానీ, బంగ్లాదేశీ కొట్లకి వెళ్లాలి. బార్సిలోనా, వలెన్సియా వైపు ఎంత ఉడికించినా పప్పు మెత్తబడటం లేదంటే తప్పు పప్పుది కాదు, నీళ్లది. మధ్యధరా తీరంలో కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ, అందులోని కాల్షియం గింజ పైపొరని గట్టిపరుస్తుంది. గ్లాసు పప్పుకి చిటికెడు వంటసోడా వేసి గంట నానబెట్టండి. చింతపండు, టమాటా పప్పు ఉడికాకే వేయాలి, పులుపు కూడా అదే పని చేస్తుంది. మాడ్రిడ్ నీళ్లు తేలిక, అక్కడ ఈ బాధ లేదు.

ఇంటి నుంచి కారం, పొడులు, ఎండు మసాలాలు తెచ్చుకోవచ్చు. నెయ్యి, కోవా, మాంసం పచ్చళ్లు యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు, పచ్చి కరివేపాకు కూడా. నెయ్యికి దిగులక్కర్లేదు. ఉప్పులేని వెన్న, ‘మాంతెకీయా సిన్ సాల్’, 250 గ్రాముల ముక్క కొని సన్నటి సెగమీద పదిహేను నిమిషాలు కాచుకుంటే సుమారు 200 గ్రాముల నెయ్యి వస్తుంది.

4. పెరుగు తోడు పెట్టడం

స్పెయిన్‌లో పాలు ఎక్కువగా అట్టపెట్టెల్లో, ఫ్రిజ్ బయటే దొరుకుతాయి. అవి ముందే కాచినవి, మరగబెట్టక్కర్లేదు. ‘ఎంతేరా’, అంటే వెన్న తీయని పాలు, ఒక లీటరు తీసుకోండి. వేలు పెడితే వెచ్చగా తగిలేదాకా, అంటే 40–43 డిగ్రీలకి వేడిచేయండి. తోడుకి రెండు చెంచాల పెరుగు చాలు.

పెరుగు తోడుకోలేదంటే సాధారణంగా తప్పు ఆ రెండు చెంచాల్లోనే ఉంటుంది. ‘నతురాల్’ అని ఉంటే మామూలు పెరుగు. పక్కనే అదే రంగు కప్పులో ‘నతురాల్ అథుకరాదో’ ఉంటుంది, అందులో చక్కెర కలిపారు. మూడో రకం మీద చిన్న అక్షరాల్లో ‘పాస్తెరిథాదో దెస్పుయేస్ దె లా ఫెర్మెంతథియోన్’ అని రాస్తారు. తోడుకున్నాక మళ్లీ వేడిచేశారని అర్థం. దానిలో సూక్ష్మజీవులు బతికుండవు, రాత్రంతా పెట్టినా పాలు పాలలాగే ఉంటాయి. ఫ్రిజ్ అరలో ఉన్న మామూలు ‘నతురాల్’ తీసుకోండి.

చలికాలంలో గిన్నెని తువ్వాలులో చుట్టి, వేడి పెట్టకుండా దీపం మాత్రం వెలిగించిన ఓవెన్‌లో ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచండి. ఈ పాల పెరుగు కాస్త పల్చగా, మీగడ లేకుండా వస్తుంది. గట్టిగా కావాలంటే తోడు పెట్టేముందు రెండు చెంచాల పాలపొడి కలపండి.

5. బయట తినాలంటే మెను దెల్ దియా

పనిదినాల్లో మధ్యాహ్నం చాలా హోటళ్లు ఒకే ధరకి పూర్తి భోజనం పెడతాయి: మొదటి వంటకం, రెండోది, రొట్టె, తాగడానికి ఒకటి, చివర్లో తీపి లేదా కాఫీ. ఊరిని బట్టి ఇంచుమించు 12 నుంచి 16 యూరోలు. బయట పలక మీద సుద్దతో రాసి ఉంటుంది. రెండుకల్లా వెళ్తే మంచివి దొరుకుతాయి, మూడున్నర దాటితే ఉన్నవే తినాలి. రాత్రిపూట ఇది ఉండదు. కుళాయి నీళ్లు కావాలంటే ‘అగువా దెల్ గ్రీఫో’ అనండి, 2022 చట్టం ప్రకారం ఉచితంగా ఇవ్వాల్సిందే.

శాకాహారులు ‘మాంసం తినను’ అని ఊరుకుంటే సరిపోదు. చిక్కుడుకాయ కూరలో పంది మాంసం ముక్కలు (హమోన్), సలాడ్‌లో ట్యూనా చేప వచ్చేస్తాయి. చాలామంది వాటిని మాంసం లెక్కలోకి తీసుకోరు. ‘నో కోమో కార్నే, నీ హమోన్, నీ పెస్కాదో, నీ అతూన్’ అని నాలుగూ చెప్పాలి. పప్పులాంటి లెంతేహాస్‌లో కూడా చొరీథో (పంది మాంసం సాసేజ్) వేస్తారు. గథ్‌పాచో (చల్లటి టమాటా సూప్), పీస్తో (కూరగాయల కూర), తోర్తియా (బంగాళాదుంప ఆమ్లెట్) మాంసం లేనివే మామూలుగా, కానీ తోర్తియాలో గుడ్డు ఉంటుంది, పీస్తోలో ఉండొచ్చు. తెర్నెరా అంటే గొడ్డుమాంసం, థెర్దో అంటే పంది. క్రిస్మస్‌కి తినే పొల్వొరోన్ అనే తీపి బిస్కెట్లలో సాధారణంగా పంది కొవ్వు ఉంటుంది.

6. ఒక్క స్పెయిన్ వంట నేర్చుకోండి: తోర్తియా

బంగాళాదుంపలు 600 గ్రాములు, ఒక పెద్ద ఉల్లిపాయ, గుడ్లు ఆరు, ఉప్పు, ఆలివ్ నూనె, అంటుకోని 24 సెంటీమీటర్ల పెనం.

దుంపల్ని పల్చటి రేకుల్లా తరగండి. అవి మునిగేంత నూనెలో, ఉల్లిపాయతో కలిపి, సన్నసెగ మీద ఇరవై, ఇరవైఐదు నిమిషాలు మగ్గనివ్వండి. కరకరలాడితే సెగ ఎక్కువైనట్టు, గరిటె తగలగానే విరగాలి. నూనె వడగట్టి దాచుకోండి, మళ్లీ పనికొస్తుంది. గిలకొట్టిన గుడ్లలో ఉప్పు, దుంపలు కలిపి పది నిమిషాలు వదిలేయండి. ఈ ఆగడంలోనే గుడ్డు దుంపలోకి ఇంకుతుంది, లేకపోతే తిరగేసేటప్పుడు రెండూ విడిపోతాయి.

పెనం బాగా వేడెక్కాక చెంచా నూనె వేసి మొత్తం పోయండి. సెగ తగ్గించి మూడు నిమిషాలు. అంచులు విడివడ్డాక, పెనం కంటే పెద్ద పళ్లెం బోర్లించి, అరచేత్తో అదిమిపట్టి, సింకు మీద ఒక్క విసురులో తిప్పేయండి. మధ్యలో తటపటాయిస్తే పక్కకి జారిపోతుంది. పళ్లెంలోంచి మళ్లీ పెనంలోకి జార్చి, అంచులు లోపలికి మడిచి ఇంకో రెండు మూడు నిమిషాలు.

మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు పొడవాటి రొట్టెలో సగాన్ని చీల్చి, మధ్యలో ఒక ముక్క పెట్టుకుంటే పదకొండింటి చిరుతిండి సిద్ధం.