ఫొటో మీరే తీశారు, కానీ మీరు తీసినట్టు లేదా?

"బాగుంది" అంటారు గానీ, పేరు చూడకుండా "ఇది నువ్వు తీసిందే కదూ" అని ఎవరూ అనరు. ఈ బాధకి కారణం చాలాసార్లు కెమెరా సెట్టింగుల్లోనే దొరుకుతుంది.

సమస్య: చార్మినార్ తీస్తే పోస్టుకార్డులా వచ్చింది

కారణం: అందరూ ఆగే చోటే మీరూ ఆగారు. పైగా ఫోన్లలో మామూలు లెన్సు దాదాపు 24 మిల్లీమీటర్లది (ఈ అంకె చిన్నదయ్యేకొద్దీ ఫొటోలో ఎక్కువ మేర పడుతుంది). అన్నీ పట్టేస్తుంది కాబట్టి దేన్ని వదిలెయ్యాలో మనం ఆలోచించం.

పరిష్కారం: నెల రోజులు 2ఎక్స్ జూమ్ మీదే తియ్యండి. అంటే సుమారు 50 మి.మీ. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కార్తియే బ్రెసాఁ ఎక్కువగా 50 లెన్సుతోనే పనిచేశాడు. ఇరుకనిపిస్తే జూమ్ తగ్గించకండి, కాళ్ళకి పని చెప్పండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: చాలా ఫోన్లలో 2ఎక్స్ అంటే సెన్సరు మధ్య భాగాన్ని కత్తిరించడమే. పగలు ఇబ్బంది లేదు, రాత్రిళ్ళు ఫొటోలో గింజల్లాంటి చుక్కలు పడతాయి.

సమస్య: నేను చూసిన వెలుతురు ఫొటోలో లేదు

దీని మీద నేను చాలాకాలం తల బాదుకున్నాను. లాడ్ బజార్‌లో ఒక సాయంత్రం లక్క గాజుల దుకాణం. ఒకటే బల్బు. దాని కింద గాజుకి రాళ్ళు అద్దుతున్న చెయ్యి. చుట్టూ చీకటి. ఫొటోలో చూస్తే వెనక అట్టపెట్టెలు, వైర్లు, గోడ మీది క్యాలెండరు సహా అన్నీ తెల్లగా వెలిగిపోతున్నాయి. నేను ఆగింది ఆ చీకటి కోసం, అదే లేదు.

కారణం: చీకటి కనిపిస్తే కెమెరా దాన్ని పొరపాటనుకుంటుంది. వెలుతురు కొలిచే మీటరు దృశ్యాన్నంతా మధ్యస్థ బూడిద వెలుగుకి తేవాలని చూస్తుంది, హెచ్‌డీఆర్ (వెలుగుకీ చీకటికీ తేడా తగ్గించే ఏర్పాటు) నీడల్ని పైకి లేపుతుంది, ఆటో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనబడేలా రంగుల్ని సర్దేది) బల్బు పసుపుని చాలావరకు కడిగేస్తుంది.

పరిష్కారం: ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించండి (-1). కుదిరితే హెచ్‌డీఆర్ ఆపండి. వైట్ బ్యాలెన్స్ మీరే పెట్టండి. పగటి ఎండకి 5500 కెల్విన్ (వెలుతురు రంగుని చెప్పే కొలత) సరిపోతుంది. బల్బు కింద కూడా అదే ఉంచితే నారింజ రంగు కమ్మేస్తుంది. 4000 దగ్గర పసుపూ ఉంటుంది, చర్మం రంగూ చెడదు. మళ్ళీ వెళ్ళి ఇలా తీస్తే చెయ్యి, నాలుగు రాళ్ళ మెరుపు మిగిలాయి.

సమస్య: ప్రీసెట్ కొన్నాను, అయినా అంతే

ప్రీసెట్ అంటే ఒక్క నొక్కుతో ఫొటో రంగులు మార్చే రెడీమేడ్ సెట్టింగు. ఆ రంగులు ఇంకెవరి వెలుతురుకో కుదిర్చినవి. టీల్-ఆరెంజ్ (రంగుల్ని నీలిపచ్చకీ నారింజకీ తిప్పే) ప్రీసెట్ వేసి బతుకమ్మ ఫొటో చూడండి, తంగేడు పూలు బంతిపూలలా కనబడతాయి. తీసెయ్యండి.

సమస్య: అసలు నా శైలేమిటో నాకే తెలియదు

కారణం: ఒక్కో ఫొటోనే చూస్తున్నారు, అదీ లైకుల లెక్కతో.

పరిష్కారం: మీకు నచ్చినవి ఓ నలభై 4×6 సైజులో ప్రింటు వేయించి నేల మీద పరవండి. ఎంత దూరం నుంచి తీశారు, నిలబడా కూర్చునా, ఏ పూట, ఏ రంగు? మళ్ళీ మళ్ళీ వచ్చేవాటిని పక్కకి తియ్యండి. నేను పరిస్తే మొహాల కంటే చేతులే ఎక్కువ తేలాయి. గాజులవాడివి, టీ వడపోసేవాడివి, మా అమ్మవి. అంతవరకూ నన్ను నేను పోర్ట్రెయిట్ ఫొటోగ్రాఫర్ననుకుంటున్నాను.

ఏదీ రెండోసారి కనబడకపోతే ఫొటోలు ఇంకా చాల్లేదన్నమాట. మూడు నెలలాగి మళ్ళీ పరవండి.