పాత కంప్యూటర్ విప్పే ముందు

- ఫొటోలు, పొలం కాగితాల స్కాన్‌లు వేరే డిస్క్‌లోకి ఎక్కించండి. అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి.

- ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, ఇనుప క్యాబినెట్‌ను ముట్టుకున్నాకే లోపల చెయ్యి పెట్టండి.

- కోనసీమ తేమకి, ఉప్పుగాలికి ర్యామ్ (కంప్యూటర్ పనిచేస్తున్నప్పుడు వాడుకునే మెమరీ పట్టీ) అంచున బంగారు రంగు గీతలు మసకబారతాయి. మాది ఆన్ కాకపోతే ఇక కొత్తదే అనుకున్నాం. పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి పెడితే లేచి కూర్చుంది! ఖర్చు సున్నా.

- ర్యామ్ రకాలు వేరు: డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 దిగదు. పాత ర్యామ్ లేబుల్‌ని ఫొటో తీసుకుని కొత్తది కొనడానికి అమలాపురం బస్సెక్కండి.

- డబ్బు ఒక్క కొత్త భాగానికే ఉంటే, నా ఓటు హార్డ్ డిస్క్ కన్నా వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీకే.

- సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొంటుంటే టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్ లాంటి ఏర్పాటు) ఉందేమో అడగండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11కి ఈ టీపీఎం కావాలి.