ఖాతా భద్రత – 3వ పాఠం: వాట్సాప్ పరుల చేతికి చిక్కినప్పుడు

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలను తిరిగి తెచ్చుకోవడానికి ముందుగా మెయిల్‌ను ఎందుకు కాపాడుకోవాలో గత పాఠంలో చెప్పుకున్నాము. వాట్సాప్ సంగతి వేరు. దానికి మన ఫోన్ నంబరే ఆధారం కనుక, సిమ్ మన దగ్గర ఉన్నంతవరకు ఖాతాను తిరిగి తెచ్చుకునే దారి ఉంటుంది.

ఈ మాట తెలియకనే కందుకూరులో ఉండే మా పిన్ని నష్టపోయింది. పరిచయస్తురాలి నంబరు నుంచి "వదినా, పొరపాటున మీ ఫోనుకు ఆరంకెల కోడ్ వచ్చింది, కాస్త పంపండి" అని సందేశం వస్తే నమ్మి పంపింది. అది పిన్ని వాట్సాప్‌ను మరో ఫోనులో తెరిచే కోడ్. అప్పటికే ఆ పరిచయస్తురాలి ఖాతా కూడా దొంగ చేతిలో ఉంది. కాసేపటికి పిన్ని ఫోనులో వాట్సాప్ ఆగిపోయింది. ఆమె పేరుతో ఒంగోలు, కావలి బంధువులందరికీ "ఆసుపత్రిలో ఉన్నాను, పదివేలు పంపండి" అని సందేశాలు వెళ్ళాయి. ఇక ఖాతా పోయినట్లేనని భావించి, సిగ్గుతో ఆమె రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు రోజుల్లోనే కావలి పెద్దమ్మ డబ్బు పంపేసింది.

పిన్ని వెంటనే చేయవలసిన పని ఇది. వాట్సాప్ తెరిచి, తన నంబరుతోనే మళ్ళీ నమోదు చేసుకోవాలి. ఎస్సెమ్మెస్‌లో వచ్చే కొత్త ఆరంకెల కోడ్‌ను నమోదు చేసిన మరుక్షణమే అవతలి ఫోనులో ఖాతా మూతపడుతుంది. దొంగ ముందే టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ (కోడ్‌తో పాటు అదనంగా అడిగే రహస్య సంఖ్య) పెట్టి ఉంటే, ఆ పిన్ లేకుండా లోపలికి వెళ్ళడానికి మనం 7 రోజులు ఆగవలసి వస్తుంది. అయినా మనం కోడ్ నమోదు చేసినప్పుడే దొంగ మన ఖాతా నుంచి బయటకు వెళ్ళిపోయాడు కనుక, ఆ వారం రోజులూ అతడు మన పేరుతో ఎవరినీ అడగలేడు. పాత సంభాషణలు మన ఫోనులోనే నిల్వ ఉంటాయి కాబట్టి అవి అతడికి కనిపించవు. గ్రూపులు మాత్రం కనిపిస్తాయి, వాటిలోకి వచ్చే కొత్త సందేశాలూ చేరతాయి.

కొన్నిసార్లు కొరియర్ మనిషినని చెప్పి, *21* వంటి కోడ్‌తో మొదలయ్యే నంబరు నొక్కిస్తారు. దానితో మన కాల్స్ దొంగ నంబరుకు మళ్ళిపోతాయి, వాట్సాప్ సంస్థ ఫోన్ చేసి చెప్పే కోడ్ అతడికే వినిపిస్తుంది. అలా జరిగిందనిపిస్తే ముందుగా ##002# నొక్కి మళ్ళింపులన్నీ రద్దు చేసుకుని, ఆ తరువాతే నమోదుకు పూనుకోవాలి. వాట్సాప్ మన ఫోనులో మామూలుగానే పనిచేస్తున్నా, మనం పంపని సందేశాలు వెళుతుంటే, వాట్సాప్‌లోనే లింక్డ్ డివైసెస్ (మన ఖాతాకు జోడించిన ఇతర పరికరాల జాబితా) చూసి, తెలియని పరికరాన్ని లాగౌట్ చేస్తే సరిపోతుంది.

ఈ పనులు జరుగుతుండగానే ఇంట్లో మరొకరు బంధువులకు ఫోన్లు చేసి చెప్పాలి. ఎవరైనా డబ్బు పంపి ఉంటే, పంపినవారే వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆ సొమ్ము ఇంకా దొంగ బ్యాంకు ఖాతాలోనే ఉంటే నిలిపివేయించే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ. సందేశాల స్క్రీన్‌షాట్లు, లావాదేవీ సంఖ్య చెరిపివేయకుండా ఉంచుకోవాలి. ఇతరుల పాస్‌వర్డ్ వంటి గుర్తింపును మోసపూరితంగా వాడుకోవడం ఐటీ చట్టం 2000లోని 66సీ సెక్షన్ కింద నేరం. 3 ఏళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. కోడ్ చెప్పిన మనిషి నేరస్థురాలు కాదు, బాధితురాలు. ఇంట్లో పెద్దవారికి ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

అభ్యాసం: ఈ రోజే మీ వాట్సాప్ సెట్టింగ్స్‌లో, అకౌంట్ కింద, టూ స్టెప్ వెరిఫికేషన్ తెరిచి పిన్ పెట్టుకోండి, మెయిల్ కూడా జతచేయండి. ఆ తరువాత ఇంట్లో అమ్మానాన్నల ఫోనుల్లోనూ అదే పని చేయించండి. పిన్ మరిచిపోతే ఆ మెయిల్ ఎలా ఆదుకుంటుందో 4వ పాఠంలో చూద్దాము.